గ్రీన్ కార్డ్ వచ్చి ఐదేళ్లు నిండుతోంది, మధ్యలో ఏడు నెలలు ఇండియాలో ఉన్నా. ఎన్-400 (అమెరికా సిటిజన్‌షిప్ దరఖాస్తు) ఎప్పుడు వెయ్యొచ్చు?

మిరప_చేను
అందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. ప్రశ్న కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

మాది ఈబీ-2 (ఉద్యోగం మీద వచ్చే గ్రీన్ కార్డ్ కోటా), 2009 ప్రయారిటీ డేట్, అంటే క్యూలో చేరిన తేదీ. నేను 2007లో వచ్చా, మా ఆవిడా పాపా 2008లో వచ్చారు. గ్రీన్ కార్డులు ముగ్గురికీ ఒకే రోజు అప్రూవ్ అయ్యాయి. కార్డు మీద రెసిడెంట్ సిన్స్ అని ఉండే తేదీ 2020 మార్చి 12. అంటే వచ్చే మార్చికి, 2025లో, ఐదేళ్లు. తొంభై రోజుల ముందే సిటిజన్‌షిప్‌కి ఫైల్ చెయ్యొచ్చంటున్నారు. అంతవరకూ అర్థమైంది.

నా చిక్కు వేరే. 2021 నవంబర్‌లో నాన్నకి పక్షవాతం వచ్చింది. 20వ తేదీన బయలుదేరి గుంటూరు వెళ్లా. నెల తిరక్కుండా వచ్చేద్దామనుకున్నా. ఒమిక్రాన్ గోల ఒకటి, ఆయన్ని రోజూ ఫిజియోథెరపీకి ఎత్తుకెళ్లే మనిషి దొరక్కపోవడం ఒకటి, మొత్తానికి తిరిగి ఇక్కడ దిగేసరికి 2022 జూన్ 12. ఇది కాక నాలుగేళ్లలో రెండుసార్లు వెళ్లా, ఒక్కోటి నెలలోపే.

ఆ ఏడు నెలల వల్ల నా ఐదేళ్లు చెడిపోయాయా? మళ్లీ మొదట్నుంచీ లెక్కా? ఆఫీసులో ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు.

ఫైల్_కొట్టెయ్
బ్రో, అనవసరంగా టెన్షన్ పడుతున్నావ్. ఐదేళ్లలో ముప్ఫై నెలలు ఇక్కడుంటే చాలు. నువ్వు మహా అయితే తొమ్మిది నెలలు బయట ఉన్నావ్. తొంభై రోజుల ముందు కొట్టెయ్ ఫైల్.

లెక్కల_మాస్టారు
పై పోస్టులో చెప్పింది సగమే నిజం. ఆ సగాన్ని నమ్ముకునే చాలామంది ఇంటర్వ్యూలో దెబ్బ తింటారు.

ఇక్కడ రెండు లెక్కలు నడుస్తాయి, ఒకదానికొకటి సంబంధం లేదు. ఒకటి ఒంటి లెక్క: ఐదేళ్లలో మీ ఒళ్లు ఈ దేశంలో ఎన్ని రోజులు ఉంది. దానికి 913 రోజులు, అంటే ముప్ఫై నెలలు చాలు. బయలుదేరిన రోజు, దిగిన రోజు రెండూ ఇక్కడ ఉన్నట్టే లెక్క. మీరు నవంబర్ 20న వెళ్లి జూన్ 12న దిగారు కాబట్టి బయట ఉన్నది 203 రోజులు. మిగతా రెండు ట్రిప్పులు కలిపినా ఈ లెక్కలో మీరు హాయిగా గట్టెక్కుతారు.

రెండోది కాపురం లెక్క. ఐదేళ్లూ మీ నివాసం తెగకుండా ఇక్కడే సాగిందా అన్నది. దీనికి మొత్తం రోజులతో పని లేదు, ఒక్కొక్క ట్రిప్పు ఎంత పొడుగన్నదే చూస్తారు. ఆరు నెలల లోపైతే మామూలుగా పట్టించుకోరు. ఆరు నెలలు దాటి ఏడాది లోపైతే నివాసం తెగిందని ముందే అనుకుంటారు, తెగలేదని నిరూపించే బాధ్యత మీది. ఏడాదో అంతకన్నా ఎక్కువో అయితే తెగినట్టే, వాదనకి చోటు లేదు.

మీరు మధ్య గడిలో ఉన్నారు. తెగిందని అనుమానం పడతారు, కానీ రుజువులతో దాన్ని తిప్పికొట్టొచ్చు. కింది ప్రశ్నలకి జవాబు చెప్పండి: ఆ ఏడు నెలల్లో ఉద్యోగం ఉందా పోయిందా? భార్యాబిడ్డలు ఎక్కడున్నారు? ఇల్లు ఉంచుకున్నారా, ఖాళీ చేశారా, ఎవరికైనా అద్దెకిచ్చారా? ఇండియాలో ఏదైనా ఉద్యోగం చేశారా?

ఓరుగల్లు_పోరడు
మాస్టారూ జెర నాకు గూడ చెప్పుర్రి. నేను హెచ్-1 వర్క్ వీసా మీద 2012ల వచ్చిన. జీసీ (గ్రీన్ కార్డ్) 2022ల వచ్చింది. గీ పదేండ్లు అస్సలు లెక్కలకే రావా? ట్యాక్సులైతే అప్పటికెల్లే కట్టిన కదా.

లెక్కల_మాస్టారు
రావు తమ్ముడూ. హెచ్-1 కాలం, ఐ-485 (గ్రీన్ కార్డ్ దరఖాస్తు) పెండింగ్‌లో ఉన్న కాలం, ఏదీ లెక్కలోకి రాదు. కార్డు మీది రెసిడెంట్ సిన్స్ తేదీ నుంచే గడియారం మొదలు. కార్డు చేతికొచ్చిన రోజు కూడా కాదు, ఆ తేదీ. నీది 2022 అంటే 2027 వరకూ ఆగాలి, అందులో తొంభై రోజులు మినహాయింపు.

ఓరుగల్లు_పోరడు
పదేండ్లు లైన్ల నిలవడ్డది నీళ్లల్ల పోసినట్టేనన్న మాట. మంచిగున్నది.

మిరప_చేను
మాస్టారూ, జవాబులు ఇవిగో.

ఉద్యోగం పోలేదు. మొదటి ఆరు వారాలు సెలవు, తర్వాత మేనేజర్ ఒప్పుకుని అక్కణ్నుంచే పని చేయనిచ్చారు. జీతం ఇక్కడి కంపెనీదే, ఇక్కడి బ్యాంకులోకే పడింది. మా ఆవిడా పాపా ఇక్కడే ఉన్నారు, పాపకి స్కూలు. డిసెంబర్ సెలవుల్లో మూడు వారాలు వచ్చి చూసి వెళ్లారు, అంతే. అప్పుడు మేం న్యూజెర్సీలో ఉండేవాళ్లం, సొంత ఇల్లు, నెలనెలా మార్ట్‌గేజ్ కడుతూనే ఉన్నా. ట్యాక్స్ మామూలుగా జాయింట్‌గా 1040 వేశాం.

లెక్కల_మాస్టారు
మీ కేసు గట్టిది. నిబంధనల్లో రుజువులుగా చెప్పినవి సరిగ్గా ఈ నాలుగే: ఇక్కడి ఉద్యోగం వదల్లేదు, దగ్గరి కుటుంబం ఇక్కడే ఉంది, ఇల్లు మీ చేతిలోనే ఉంది, అక్కడ ఉద్యోగం చూసుకోలేదు. నాలుగూ మీకున్నాయి. నాన్ రెసిడెంట్ల ట్యాక్స్ ఫారం 1040-ఎన్ఆర్ వెయ్యకపోవడం ఇంకా మంచిది. నాన్ రెసిడెంట్‌నని ట్యాక్స్ వేసి, శాశ్వత నివాసినని సిటిజన్‌షిప్ అడిగితే ఆఫీసర్ వెంటనే పట్టుకుంటాడు.

ఆ నెలల పే స్లిప్పులు, ఐఆర్ఎస్ (ఇక్కడి ట్యాక్స్ శాఖ) నుంచి ట్యాక్స్ ట్రాన్‌స్క్రిప్ట్, మార్ట్‌గేజ్ స్టేట్‌మెంట్లు, పాప స్కూలు నుంచి ఆ ఏడాది చదివినట్టు ఒక లెటర్, నాన్నగారి ఆసుపత్రి డిశ్చార్జ్ సమ్మరీ, అన్నీ ఒక ఫైల్లో పెట్టుకోండి.

రెండో దారి కూడా చెప్తా. ఇదంతా వద్దు, అనుమానానికే తావు లేకుండా వెయ్యాలి అంటే తిరిగొచ్చిన రోజు నుంచి నాలుగేళ్ల ఆరు నెలలు ఆగండి. ఫైల్ చేసిన రోజు నుంచి వెనక్కి ఐదేళ్లు చూస్తే ఆ ట్రిప్పులో ఆరు నెలలకన్నా తక్కువ భాగమే ఆ కిటికీలోకి వస్తుంది. మీకైతే 2026 డిసెంబర్ రెండో వారం దాటాక.

ఫైల్_కొట్టెయ్
సరే, నాది తొందరపాటే, ఒప్పుకుంటున్నా. కానీ రెండేళ్లు ఆగమనడం అన్యాయం మాస్టారూ. ఆన్‌లైన్‌లో వేస్తే 710 డాలర్లు, పేపర్ మీదైతే 760. పోతే ఆ డబ్బు పోతుంది, గ్రీన్ కార్డ్ అయితే పోదు కదా?

బెజవాడ_బాబాయ్
మామూలుగా పోదు అబ్బాయ్. కానీ ఎన్-400 వేశావంటే నీ ఫైలు అట్టడుగు నుంచి తిరగేస్తారు. గ్రీన్ కార్డ్ అసలు సరిగ్గా వచ్చిందా, స్పాన్సర్ చేసిన కంపెనీలో పని చేశావా, అరెస్టులున్నాయా, అన్నీ. కడుపులో చల్ల కదలకుండా ఉన్నవాడికి భయం లేదు. గతంలో ఎక్కడైనా పొరపాటు జరిగిందని తెలిస్తే మాత్రం లాయర్‌ని కలవకుండా వెయ్యొద్దు. ఒకవేళ తిరస్కరిస్తే ముప్ఫై రోజుల్లో ఎన్-336 వేసి మళ్లీ విచారణ అడగొచ్చు, లేదా అర్హత కుదిరాక కొత్తగా వేసుకోవచ్చు.

ఇదే ఏడు నెలల కథ మా వీధిలో రెండు ఇళ్లల్లో చూశా. ఒకాయన పెళ్లాం పిల్లల్ని తీసుకుని వెళ్లాడు, ఇక్కడ ఇల్లు అద్దెకిచ్చాడు, ఉద్యోగం మానేశాడు. ఇంటర్వ్యూలో ఆఫీసరమ్మ ఒకటే ప్రశ్న వేసిందట: ఆ ఏడు నెలలు అమెరికాలో మీదంటూ ఏముంది? ఈయన దగ్గర జవాబు లేదు. రెండో ఆయనది అచ్చం మిరప_చేను గారి కేసు, పే స్లిప్పులు చూపించాడు, అయిపోయింది.

సీతాకోక_చిలుక
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నాది మూడేళ్ల రూల్ గురించి, అదే, సిటిజన్ భార్యకో భర్తకో ఐదేళ్ల బదులు మూడేళ్లే చాలన్నది. మా వారు గ్రీన్ కార్డ్‌లో ఉన్నప్పుడు నన్ను స్పాన్సర్ చేశారు, నాకు 2022 ఫిబ్రవరిలో కార్డు వచ్చింది. ఆయన 2022 జులైలో సిటిజన్ అయ్యారు. మూడేళ్లంటే నాకు 2025 ఫిబ్రవరి, తొంభై రోజులు ముందంటే ఈ నవంబర్లోనే కదా? వేసేస్తున్నా.

లెక్కల_మాస్టారు
ఆగండమ్మా, వెయ్యొద్దు. మూడేళ్ల రూల్‌లో మీ కార్డుకి మూడేళ్లు నిండితే సరిపోదు. ఆ మూడేళ్లూ మీరిద్దరూ కలిసి కాపురం చేసి ఉండాలి, ఆ మూడేళ్లూ ఆయన సిటిజన్‌గా ఉండాలి. ఆయన సిటిజన్ అయింది 2022 జులైలో, కాబట్టి మీకు 2025 జులై. తొంభై రోజుల సడలింపు నివాసం లెక్కకి (పైన నేను కాపురం లెక్క అన్నది) మాత్రమే, భార్యాభర్తలుగా కలిసి ఉన్న లెక్కకి, ఆయన సిటిజన్‌షిప్ లెక్కకి వర్తించదు. ఒంటి లెక్క మీకు 18 నెలలు.

ఈలోగా మీ దంపతుల పేరు మీద ట్యాక్సులు, బ్యాంకు ఖాతా, ఇంటి కాగితాలు జాగ్రత్త పెట్టుకోండి, ఇంటర్వ్యూలో అడుగుతారు.

సీతాకోక_చిలుక
అమ్మయ్య, సబ్మిట్ బటన్ దాకా వెళ్లి ఆగా. 710 డాలర్లు మిగిల్చారు మాస్టారూ, మీకు రుణపడి ఉంటా.

మిరప_చేను
ఇది చదివాక నాకో ఆలోచన వచ్చింది. మా ఆవిడకి ఏ అడ్డూ లేదు కదా, తను మూడు వారాలకి మించి ఎప్పుడూ బయట లేదు. తను ముందు సిటిజన్ అయితే, సిటిజన్ భర్తగా నేను మూడేళ్ల రూల్‌లోకి వస్తానా?

ఓరుగల్లు_పోరడు
అన్నా, ఆమె సిటిజన్ అయినంక మల్ల మూడేండ్లు ఆగాలె. అంటే 2028 అయితది. నీ సొంత లెక్కనే ముందుగాల వస్తది. మాస్టారు ఇంతకుముందు చెప్పిండ్రు గదా, నేను గూడ నేర్చుకున్న.

లెక్కల_మాస్టారు
శిష్యుడు గురువుని మించాడు.

మిరప_చేను గారూ, మీరు అడగని ప్రశ్న ఒకటి నేను అడుగుతా. పాపకి ఎన్నేళ్లు? 2008లో వచ్చిందన్నారు, అంటే ఇక్కడ పుట్టలేదు.

మిరప_చేను
గుంటూరులోనే పుట్టింది, 2007 సెప్టెంబర్. ఇప్పుడు పదిహేడు.

లెక్కల_మాస్టారు
అయితే మీ ఏడు నెలల సంగతి పక్కన పెట్టి ముందు మీ ఆవిడ ఫైలు చూడండి.

2000లో వచ్చిన చైల్డ్ సిటిజన్‌షిప్ యాక్ట్ ప్రకారం, పద్దెనిమిది లోపు వయసు, గ్రీన్ కార్డ్, సిటిజన్ అయిన తల్లి లేదా తండ్రి సంరక్షణలో ఇక్కడే నివాసం, ఈ మూడూ ఒకేసారి కుదిరితే పిల్లలు ఆ క్షణాన వాళ్లంతట వాళ్లే సిటిజన్లు అయిపోతారు. ఎన్-400 లేదు, పరీక్ష లేదు, ప్రమాణం లేదు. ఇద్దరిలో ఒక్కరు అయితే చాలు. మీ ఆవిడ 2025 సెప్టెంబర్‌లో పాప పుట్టినరోజుకి ముందు ఓత్ (పౌరసత్వ ప్రమాణం) తీసుకుంటే పాప పని అయిపోయినట్టే. నేరుగా అమెరికా పాస్‌పోర్ట్‌కి అప్లై చెయ్యొచ్చు: తల్లి నేచురలైజేషన్ సర్టిఫికెట్, పాప బర్త్ సర్టిఫికెట్, పాప గ్రీన్ కార్డ్ పెట్టి. ఎన్-600 వేసి పాప పేరు మీద విడిగా సర్టిఫికెట్ తీసుకోవచ్చు, కానీ దాని ఫీజు వెయ్యి డాలర్ల పైమాటే. పాస్‌పోర్ట్ ముందు తెచ్చుకుని అది తర్వాత తీరిగ్గా ఆలోచించండి.

ఇక్కడ లెక్క ఓత్ రోజుది. ఫైల్ చేసిన రోజు, ఇంటర్వ్యూ పాసైన రోజు పనికిరావు. పద్దెనిమిది నిండిన మర్నాడు ఓత్ అయితే పాపకి ఏమీ రాదు.

మిరప_చేను
ఇంతమందిని అడిగా, ఈ ముక్క ఒక్కరూ చెప్పలేదు. చెమటలు పట్టాయి. అంటే డిసెంబర్ 12నే మా ఆవిడది వేసెయ్యాలి. మార్చి 12 నుంచి వెనక్కి తొంభై రోజులు లెక్కేస్తే అదే వచ్చింది.

బెజవాడ_బాబాయ్
చెమటలు అక్కర్లేదు నాయనా. ఒకవేళ తప్పిపోయినా కొంప మునగదు. పాపకి అప్పటికే గ్రీన్ కార్డ్‌కి ఐదేళ్లు నిండుంటాయి, పద్దెనిమిది దాటాక తనే సొంతంగా ఎన్-400 వేసుకుంటుంది. కాకపోతే ఫీజు, పరీక్ష, కాలేజీ మధ్యలో ఇంటర్వ్యూకి పరిగెత్తడం. ఊరికే వచ్చేదాన్ని ఎందుకు వదులుకోవడం అని మాస్టారు ఉద్దేశం.

ఒక మాట. నువ్వు అప్పుడు న్యూజెర్సీలో ఉండేవాళ్లం అన్నావ్. ఇప్పుడు నీ పేరు కింద టెక్సాస్ అని కనబడుతోంది. ఎప్పుడు మారారు?

మిరప_చేను
ఈ అక్టోబర్ 5న వచ్చాం బాబాయ్ గారూ. ఎందుకు?

బెజవాడ_బాబాయ్
అయితే డిసెంబర్ 12 కుదరదు. ఫైల్ చేసే రోజుకి ప్రస్తుత రాష్ట్రంలోనో యూఎస్‌సీఐఎస్ (ఇమిగ్రేషన్ శాఖ) జిల్లాలోనో మూడు నెలలు నివాసం ఉండాలి. అక్టోబర్ 5 నుంచి మూడు నెలలంటే జనవరి 5. ఆ తర్వాతే వెయ్యండి. పాత అడ్రస్ పెట్టి న్యూజెర్సీ నుంచి వేద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు, అది అబద్ధం చెప్పినట్టవుతుంది. అడ్రస్ మార్పు పది రోజుల్లో ఏఆర్-11లో చెప్పాలి, చెప్పారా?

ఇంకోటి. టెక్సాస్‌లో డ్రైవింగ్ లైసెన్స్ మార్చుకునేటప్పుడు ఓటరుగా నమోదు చేయమంటారా అని అడుగుతారు. చూడకుండా టిక్ పెట్టేవాళ్లున్నారు. సిటిజన్ కాకుండా ఓటరుగా చేరినా, ఓటు వేసినా సిటిజన్‌షిప్ సంగతి దేవుడెరుగు, గ్రీన్ కార్డే గాల్లో దీపం అవుతుంది.

మిరప_చేను
ఏఆర్-11 ఆన్‌లైన్‌లో చేశాం. లైసెన్స్ ఫారంలో కాదు అనే పెట్టాం, ఇప్పుడే కాపీ తీసి చూశా. జనవరి 6న మా ఆవిడది వేస్తాం. నాదీ అదే రోజు వెయ్యాలా, 2026 దాకా ఆగాలా అని ఊగుతున్నా.

పెద్దింటి_అబ్బాయి
ఈ థ్రెడ్ చూసి మా అమ్మ గురించి అడుగుతున్నా. అమ్మకి 68, గ్రీన్ కార్డ్ 2014లో వచ్చింది. ఏటా చలికాలం ఐదు నెలలు కాకినాడలో ఉంటుంది, ఎండాకాలం పెళ్లిళ్లకి ఇంకో రెండు నెలలు వెళ్తుంది. ఎప్పుడూ ఆరు నెలలు దాటలేదు, నేనే దగ్గరుండి లెక్కపెట్టి టికెట్లు కొంటా. రీ-ఎంట్రీ పర్మిట్ కూడా తీశాం. ఇంగ్లీష్ రాదు. వయసుని బట్టి మినహాయింపు ఉంటుందట కదా?

లెక్కల_మాస్టారు
మీరు కాపురం లెక్క చూసుకున్నారు, ఒంటి లెక్క మర్చిపోయారు. ఏటా ఏడు నెలలు బయట అంటే ఐదేళ్లలో 35 నెలలు. ఇక్కడున్నది 25. ముప్ఫై కావాలి. అక్కడే ఆగిపోతుంది. పైగా ఏటా సగానికి పైగా అక్కడే ఉంటుంటే అసలు నివాసం ఎక్కడన్న ప్రశ్న గ్రీన్ కార్డ్‌కే వస్తుంది, ఎయిర్‌పోర్టులో కూడా అడగొచ్చు.

రీ-ఎంట్రీ పర్మిట్ గురించి చాలామందికి ఉన్న భ్రమ ఇది. అది గ్రీన్ కార్డ్ వదిలేయలేదని చూపించడానికి పనికొస్తుంది. సిటిజన్‌షిప్ నివాసం లెక్కని కాపాడదు. దానికి ఎన్-470 అని వేరే ఉంది, అది కొన్ని రకాల ఉద్యోగాల మీద విదేశాలకి వెళ్లేవాళ్లకే.

భాష మినహాయింపు: యాభై దాటి గ్రీన్ కార్డ్‌తో ఇరవయ్యేళ్లు, లేదా యాభై అయిదు దాటి పదిహేనేళ్లు ఇక్కడ నివసించి ఉంటే ఇంగ్లీష్ పరీక్ష ఉండదు, సివిక్స్ (అమెరికా చరిత్ర, ప్రభుత్వం) ప్రశ్నలు తెలుగులోనే అనువాదకుడి ద్వారా చెప్పొచ్చు. అరవై అయిదు దాటి ఇరవయ్యేళ్లయితే ప్రశ్నలు కూడా ఇరవై మాత్రమే చదువుకుంటే చాలు. అమ్మగారికి 2014 అంటే పదిహేనేళ్లు 2029లో. జ్ఞాపకశక్తి లాంటి వైద్య కారణం ఉంటే డాక్టర్ ఎన్-648 రాసిస్తారు, కానీ వయసు మీద పడిందన్న కారణం ఒక్కటీ చాలదు.

పెద్దింటి_అబ్బాయి
అమ్మకి చెప్తే నవ్వింది. ‘నాకు కాకినాడ కావాలా అమెరికా కావాలా అని అడిగితే ఆ ఆఫీసరుకి ఏం చెప్తానో నీకు తెలీదా’ అంది. ఇక ఫైలు మూసేశా.

ఓరుగల్లు_పోరడు
అమ్మ మాట కరెక్ట్. నాకు గూడ గదే గుబులు. ఇండియా పాస్‌పోర్ట్ ఇచ్చేయాలె గదా? ఊర్ల భూములేమైతయ్?

బెజవాడ_బాబాయ్
ఇండియా రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. ఇక్కడ ఓత్ తీసుకున్న రోజే అక్కడిది పోతుంది, 1955 పౌరసత్వ చట్టం అలా ఉంది. ఆ నీలం పాస్‌పోర్ట్ మీద ఇంకో ఐదేళ్లు తేదీ ఉన్నా దాని మీద ప్రయాణం చెయ్యకూడదు. సరెండర్ సర్టిఫికెట్ తీసుకుని తర్వాత ఓసీఐకి (విదేశీ పౌరులైన భారతీయ మూలాలవాళ్లకి ఇండియా ఇచ్చే కార్డు) వెయ్యాలి. మధ్యలో ఇండియా వెళ్లాలంటే వీసా కావాలి. కాబట్టి నాన్నగారి ఆరోగ్యం బాగోని మిరప_చేను లాంటివాళ్లు ఓత్ అయిన వారంలోనే అమెరికా పాస్‌పోర్ట్‌కి వెయ్యండి, ఆగొద్దు.

భూమి సంగతి: ఓసీఐ మీద వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ కొనకూడదు. నాన్నగారి నుంచి వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. అమ్మాలంటే ఇండియాలో ఉండే ఇండియా పౌరుడికే అమ్మాలి. ఓటు ఉండదు. నేను 2006లో సరెండర్ చేసి ఇంటికొచ్చి ఆ పూట అన్నం తినలేదు. మా ఆవిడ మాత్రం శుభ్రంగా తిని పడుకుంది.

మిరప_చేను
నాలుగెకరాలు నాన్న పేరు మీదే ఉన్నాయి. అయితే పర్వాలేదు.

మీ అందరి మాటా విని ఒక లాయరుని గంటసేపు కలిశాం. మాస్టారు చెప్పిందే ఆయనా చెప్పాడు, డబ్బు తీసుకుని. ఇద్దరివీ జనవరి 6నే వేస్తున్నాం. నా దాంట్లో ఆ ట్రిప్పు దాచకుండా ముందే రుజువులన్నీ అప్‌లోడ్ చేస్తా.

ఫైల్_కొట్టెయ్
చివరికి నేను చెప్పిందే చేస్తున్నావ్, కాకపోతే కాగితాలతో.

మిరప_చేను
మూడు నెలల తర్వాత అప్‌డేట్. మా ఆవిడకి ఏప్రిల్ రెండో వారంలో ఇంటర్వ్యూ. వంద ప్రశ్నలూ చదివింది, వరసగా ఆరు కరెక్ట్ చెప్పేసరికి ఆపేశారు. ఒక వాక్యం చదవమన్నారు, ఒక వాక్యం రాయమన్నారు. 2019 నాటి స్పీడింగ్ టికెట్ గురించి అడిగారు, 500 డాలర్ల లోపు జరిమానా, అరెస్టు లేదు, కాగితాలు అడగలేదు. ఫారంలో మాత్రం రాశాం. పాపకి పద్దెనిమిది వస్తోందని చెప్పి ఓత్ త్వరగా ఇవ్వగలరా అని అడిగితే నవ్వి, చూస్తానన్నారు. ఓత్ మే 16.

నన్ను ఇంకా పిలవలేదు.

సీతాకోక_చిలుక
అక్కకి శుభాకాంక్షలు! పాప సంగతి చెప్పండి.

మిరప_చేను
అయిపోయింది. అమ్మ హాల్లో చెయ్యెత్తి ప్రమాణం చేస్తుంటే పాప వెనక కుర్చీలో ఫోన్ చూసుకుంటోంది. సిటిజన్ అయిన సంగతి దానికి నేను మెసేజ్ పెడితే గానీ తెలీలేదు. పాస్‌పోర్ట్ జూన్ చివర్లో వచ్చింది.

నా ఇంటర్వ్యూ జూన్‌లో అయింది. ఆఫీసర్ ట్రిప్పుల పట్టిక చూసి ఆ వరుస దగ్గరే పెన్ను ఆపాడు. ఆ ఏడు నెలలు ఇంట్లో ఎవరున్నారు, జీతం ఎవరిచ్చారు, ఇండియాలో కంపెనీకి ఆఫీసుందా, అక్కడ బదిలీ మీద పని చేశావా అని తిప్పి తిప్పి అడిగాడు. పే స్లిప్పులు, స్కూలు లెటర్ తీసుకున్నాడు. నిర్ణయం ఇప్పుడే చెప్పలేం అని కాగితం ఇచ్చాడు. ఆ ఐదు వారాలు నిద్ర లేదు. జులై ఆఖర్లో అప్రూవ్ అయింది, ఓత్ ఆగస్టులో. గేటు దగ్గరే గ్రీన్ కార్డ్ తీసేసుకున్నారు. పదమూడేళ్లు ఎదురుచూసి తెచ్చుకున్న కార్డు, తిరిగిచ్చేటప్పుడు ఆవిడ దాన్ని ఒక ట్రేలో వేసింది, మిగతా వాటితో పాటు.

లెక్కల_మాస్టారు
చాలా సంతోషం. కొత్తగా చదివేవాళ్లకి ఒక మార్పు: 2025 అక్టోబర్ 20 నుంచి ఫైల్ చేసేవాళ్లకి సివిక్స్ పరీక్ష మారింది. వంద బదులు 128 ప్రశ్నలు, అందులో ఇరవై అడుగుతారు, పన్నెండు చెప్పాలి. పన్నెండు కరెక్ట్ అయినా, తొమ్మిది తప్పయినా అక్కడ ఆపేస్తారు. అరవై అయిదు దాటిన ఇరవయ్యేళ్ల వాళ్లకి పాత పద్ధతిలానే పది అడిగి ఆరు.

సీతాకోక_చిలుక
నాది జులై 2025లోనే వేశా, పాత పరీక్షే. పాసయ్యా!

కొత్త_కుండ
హాయ్ అందరికీ, థ్రెడ్ మొత్తం చదవలేదు, టైం లేదు. హెచ్-1 మీద ఎనిమిదేళ్లున్నా, జీసీ పోయిన నెల వచ్చింది. ఆ ఎనిమిదేళ్లు కలిపి ఇప్పుడే ఎన్-400 వెయ్యొచ్చా?

ఓరుగల్లు_పోరడు
మాస్టారూ మీరు కూసోండ్రి, దీనికి నేను చెప్తా.